అడగకముందే

రూవీలో మా కిటికీకి ఎదురుగా కొండ.
గడ్డిపోచ లేదు, మేక లేదు,
పొద్దున గోధుమరంగు, మిట్టమధ్యాహ్నం బూడిద.
లౌక్య దాన్నే చూస్తూ కూర్చునేది.
రెండేళ్ల ఎనిమిది నెలలు.
పిలిస్తే తిరగదు,
కుక్కర్ విజిలేస్తే మాత్రం ఉలిక్కిపడి నా చున్నీ వెతుక్కుంటుంది.
చెవులు బాగున్నాయన్నారు రెండు ఆసుపత్రుల వాళ్లు,
రెండు బిల్లులతో.

ఫోన్లో మా అత్త: "వాళ్ల నాయనకూ నాలుగేళ్లకు గానీ మాటల్రాలేదు, ఊరకుండు."
కింది వాటాలో లిస్సీ: "టీవీ ఆపెయ్."
ఇంకెవరో: "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి."
మూడు వారాలు మానేశాను.
నాకొచ్చిన ఇంగ్లీషు నలభై మాటలు.
అవి అయిపోయాక
ఇంట్లో ఫ్రిజ్జు ఒక్కటే మాట్లాడేది.

వాది కబీర్లో టైర్ల షాపు మీద ఆ సెంటరు.
నలభై నిమిషాలకు పన్నెండు రియాల్లు.
పెంచల్ లిఫ్టులు బాగుచేస్తాడు, రాత్రి డ్యూటీలు కూడా రాయించుకున్నాడు,
అయినా వారానికి ఒక్కసారే కుదిరింది.
"మిగతా ఆరు రోజులూ నువ్వే టీచరు" అంది బద్రియా
అబాయా సర్దుకుని నేల మీద మఠం వేసుకుంటూ.
హిందీ ఆమెకు కొంచెం, నాకు కొంచెం.
ఫైలు చాపాను. తెరవలేదు.
"పాపను ఏ భాషలో జోకొడతావు?"
తెలుగు.
"కోపమొస్తే?"
తెలుగే.
"మరి అదే మాట్లాడు."

కిందికొచ్చి, రబ్బరు వాసనలో నిలబడి
మూడు వారాల మాటలన్నీ ఒక్కసారే చెప్పేశాను:
బంగారూ, సూడు, అదిగో పిల్లి, ఇదిగో చక్రం, ఎంత పెద్దదో,
మీ నాయన పొట్టంత.

రెండో వారం బొరుగుల డబ్బా తీసుకెళ్లాను.
మూత తీసి గుప్పెడు పోశాను దాని చేతిలో.
"అడిగిందా?"
ఎప్పుడు అడగనిచ్చాను గనక!
దాని చూపు కదలకముందే నా చెయ్యి అక్కడుండేది.
అడగందే అమ్మైనా పెట్టదంటారే,
ఆ సామెతకు లొంగని అమ్మనని
లోలోపల కాస్త గర్వం కూడా.
నా ముఖం చూసి బద్రియా అంది:
"నీవల్ల వచ్చింది కాదిది. ఆ మాట ఇక్కడే వదిలేసిపో.
డబ్బా మాత్రం బిగించి పట్టుకో. పది లెక్కపెట్టు."

పది ఎంత పొడుగో!
మనిషి ఎక్కాక లిఫ్టు తలుపు నాలుగు సెకన్లు ఆగుతుందట.
"మనం ఇంకో ఆరు ఆగాలి, అంతే గదా" అన్నాడు పెంచల్.

ఇంకా కావాలంటే చూపించే గుర్తు నేర్పింది:
రెండు చేతుల వేళ్ల కొసలూ ముడిచి, ఒకదానికొకటి తాకించాలి.
అందులో ఒక చెయ్యి మాకు తెలుసు.
వీసా ఆఫీసు కిటికీలో, బ్యాంకులో, దారికడ్డమొచ్చిన టాక్సీలోంచి
ఐదు వేళ్లూ కూడి పైకి లేచే చెయ్యి,
ఆగు, ఓర్చుకో, అని.
పదకొండేళ్లుగా పెంచల్ చూస్తున్నది ఆ చేతినే.
అలాంటివి రెండు కలిస్తే
ఇంకా అని అర్థమట.
ఆ రాత్రి వంటింట్లో ఇద్దరం చేసి చూసుకున్నాం,
కోడిపిల్లలు ముక్కులు రాసుకున్నట్టు.
చాన్నాళ్లకు నవ్వొచ్చింది.

రంజాన్ నెల. సెంటరు వేళలు తగ్గాయి.
ఒక శుక్రవారం డబ్బా నా ఒళ్లో.
ఒకటి. రెండు.
ఐదు దగ్గర కొండకేసి తిరిగింది.
ఏడు. పెంచల్ వచ్చి
చెప్పులు విడవకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు.
తొమ్మిది దగ్గర నేనే ఓడిపోయి మూత మీద చెయ్యేశాను.

ఎడమ చెయ్యి ముడుచుకుంది.
కుడిది సరిగా ముడవలేదు, చూపుడువేలు బయటే ఉండిపోయింది.
తాకాయా లేదా అని మేమిప్పటికీ పోట్లాడుకుంటాం.
తాకాయంటాడు ఆయన.

బొరుగులు పోశాను, సగం నేలపాలు.
తిన్నంత తిని
మళ్లీ చూసింది,
కొండకేసి కాదు.
ఒకటి, అనుకున్నాను లోపల.