కుంచం

పర్లాకిమిడి పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద
నా గొడుగు, నా ఫారాల సంచీ, నేను.
ఇరవై ఆరేళ్లుగా ఇదే మెట్టు.
సర్కారు మాట నమ్మండని చెప్పి
నూటికి అర్ధరూపాయి తీసుకునే మనిషిని.

ఈవేళ దాలమ్మ వచ్చింది.
గోళ్ల కింద చింతపండు నలుపు.
రొంటిన ముడేసిన అయిదేళ్ల పత్రానికి
నిన్నటితో గడువు తీరింది.
"మళ్లీ రాయమంటావా?" అన్నాను
అలవాటుగా కలం మూత తీసి.

"ఉండు బాబూ.
మా మనవరాలు ఫోన్లో సదివి సెప్పింది.
దేశానికి అప్పుందట,
తలకింతని నెక్కేసి మరీ సెప్పింది.
నా తలకీ ఉందట.
నానెప్పుడు తీసుకున్నాను?
తీసుకున్నోడికే మళ్లీ నానిచ్చానా?"

పెద్ద మాటలు వెతికాను:
ద్రవ్యలోటు, బాండ్లు, హామీ...
ఎండకి అవి సంచీలోనే మెత్తబడిపోయాయి.

ఆమే అంది:
"కొండమీద సవరోళ్లకి నానూ అప్పిస్తాను.
ఒకడు పట్టుకెళ్లి జీడిమొక్కలు ఏస్తాడు.
ఇంకొకడు పాత షావుకారికి కట్టేసి
కొత్తగా నాకు బాకీ పడతాడు.
ఇద్దరూ అప్పులోళ్లే.
నిద్దర పట్టేది మాత్రం మొదటోడి పద్దుకే.
మరి నీ సర్కారు ఏ రకం?"

"రెండూనూ" అన్నాను.
ఈ మెట్టు మీద నేను చెప్పిన
మొదటి నిజం అదేనేమో.

"పారిపోడు గదా?"
"పారిపోడు. రాసినంతా లెక్కపెట్టి ఇస్తాడు."
"ఇస్తాడులే. కుంచాల నెక్క తప్పదు.
కుంచమే సిన్నదైపోతాది.
ఈ కాయితం కొన్ననాడు
ఆ డబ్బుకి తొమ్మిది బుట్టల సింతపండొచ్చేది.
ఇప్పుడు వడ్డీ కలిపి ఇచ్చినా
తొమ్మిదే వస్తాది బాబూ.
గింజ ఏరి సూస్తే ఎనిమిదిన్నర."

లోపల కౌంటర్లో గుమాస్తా
ఎవరితోనో ధార, ధార అంటున్నాడు.
ఒడియాలో ధారంటే అప్పు.
మాకు, ఆగకుండా కారేది.
ఈ ఊళ్లో రెండర్థాలూ ఒకే నోట్లో ఉంటాయి.

చివరికి దాలమ్మ పంచింది, పండు పంచినట్టు.
సగం మళ్లీ పత్రానికి,
"ఉప్పేసి కుండలో పెట్టిన పండు, దాన్ని కదపను."
కొంత ఏడాది గడువుకి, వానల్లో చేతికొచ్చేలా.
కొంత మనవరాలు చెప్పిన నెలనెలా కట్టే ఫండుకి,
"పూత సూసి కాయలు నెక్కెట్టకూడదు,
పదేళ్లు ఆ సెట్టుకేసి సూడను."
మిగిలింది, చైత్రంలో కొత్తపండు కొనడానికి
రొంటినే ఉంచుకుంది.
బంగారం మాటెత్తితే
ముక్కుపుడక తడుముకుని నవ్వింది.

వేలిముద్ర వేసింది.
సిరా కన్నా చింతపండు నలుపే ఎక్కువ పడింది.
గుమాస్తా సరిగా లేదన్నాడు.
కుళాయి దగ్గర కడుక్కొచ్చి మళ్లీ వేసింది.

సాయంత్రం ఇంటికెళ్లి
నా పెట్టె తెరిచాను.
అన్నీ సర్కారు పత్రాలే,
అన్నీ ఒకే కుండలో.
వంటింట్లోంచి మా ఆవిడ,
"చారులోకి చింతపండు లేదు, తెస్తారా?" అంది.
పావుకిలో ఎంతో
చాన్నాళ్లుగా నేను అడగలేదు.