తడిగుడ్డ

ఘుగ్గుస్ బస్టాండు గోడకు
మేమెవ్వరం రంగు కొనలే.
బొగ్గు లారీలే పూసినయి
పదేండ్లు, పైసా అడగకుండ.

అర్ధరాత్రి, షిఫ్టు మారే సైరన్‌కు
మార్పాక లస్మక్క బకెట్టు పట్టుకొచ్చింది.
నాలుగిండ్ల అంట్లు తోమే చెయ్యి
మసి మీద తడిగుడ్డతోని గీసింది:
ఒక పిల్ల, నోరు తెరిచి, దగ్గుతున్నది.
ఆ గోడ లోపల అంత తెల్లగుంటదని
నాకు అప్పటిదాకా తెల్వదు.
ఒకాయన ఆగి, అచ్చం మా చిన్నదే అన్నడు.

పొద్దుగాల సాబ్ జీపు దిగిండు.
"కోణీ కేలం?"
రంగు లేదు, రాత లేదు, ఏ కేసు పెడ్తడు?
తుడిచినందుకు జుర్మానా ఉంటదా?
చెరపాలంటే గోడంత కడగాలె.
కడుగుతరా?

కడగలే.
లారీలు మాత్రం తమ పని తాము చేసినయి.
తొమ్మిదోనాటికి పిల్ల కండ్లు మసకబారినయి,
పన్నెండోనాటికి నోరు పూడింది.

లస్మక్క మళ్ల రాలే. ఎవరింట్లనో అంట్లున్నయి.
బస్సు కోసం నిలబడ్డోళ్లే,
వరోరా పోయే ముసలామె కొంగుతోని,
బడిపోరడు ఉమ్మితడి వేలుతోని
ఆ నోరు మళ్ల తెరుస్తున్నరు.

తర్వాత నా చాయ్ బండి కాడికొచ్చి
చేతులు కడుక్కుంటరు.
చాయ్‌కు పట్టిన నీళ్లే.
ఒక్క మగ్గు చాలదు.