బి అనే ఊరు

నా పని చిన్నది.
ముందు వరసలో కూర్చుని మూడు అట్టలు ఎత్తాలి:
ఆకుపచ్చదైతే అయిదు నిమిషాలున్నాయి,
పసుపుదైతే ఒక్కటే,
ఎర్రదైతే ఇక చాలు.
అందుకు నాకో పూట భోజనం, ఓ టోపీ.
టోపీ మీద గోధుమ కంకి, కాస్త వంకరగా కుట్టింది.

సస్కటూన్‌లో నవంబరు.
బయట మైనస్ పద్దెనిమిది,
లోపల అరువు సూట్లలో చెమట.
ఆరు జట్లకీ ఒకటే కేసు, ఇరవై రెండు పేజీలు.
నిన్న సాయంత్రం ఆరింటికి చేతికిచ్చి
నిద్రపోవద్దని చెప్పకుండానే చెప్పారు.

ధాన్యం కంపెనీకి ఒకే రైలు దారి మీద మూడు ఎలివేటర్లు,
మెడదాకా గోధుమలు మింగి
రైలు పెట్టెల్లోకి కక్కే పొడుగాటి గాదెలు.
ఎ, బి, సి.
ఊళ్ల పేర్లు తీసేశారు, మర్యాద కోసం.
ఒకటి మూయాలి.
ఏది? ఎందుకు? మూస్తే ఎంత మిగులుతుంది?

మొదటి జట్టు బి ని మూసింది.
రెండో జట్టు కూడా బి నే, బాణం గుర్తులతో.
మూడో జట్టు బి ని మూసి
అక్కడి ఇద్దరు పనివాళ్లకి శిక్షణ అని ఒక స్లైడు పెట్టింది,
దాని మీద ఎవరిదో నవ్వుతున్న ఫొటో.
నేను అట్టలెత్తుతూనే ఉన్నాను.

నాలుగో జట్టులో లేస్యా హ్నాట్యుక్.
బల్ల చాటున బిగుతు బూట్లు విప్పేసి
మేజోళ్లతో నిలబడింది.
ఆమె వంతు ఏడో పేజీ, దూరాల పట్టిక.
"బి నుంచి సి కి నలభై ఒక్క కిలోమీటర్లని ఉంది," అంది.
ఆగింది.
"ఏప్రిల్‌లో కాదు.
మంచు కరిగితే వాగు కల్వర్టు మీదుగా పోతుంది.
అప్పుడు చుట్టు తిరిగి తొంభై."

పక్కనున్న థీసెన్ తల తిప్పి చూశాడు.
రాత్రి మూడింటిదాకా చేసిన సాధనలో ఈ మాట లేదు.

కంపెనీ తరఫు జడ్జి వెర్నా క్లాసెన్
కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది.
"ఇది ఏ పేజీలో ఉందమ్మా?"
"ఏ పేజీలోనూ లేదండీ.
మా మేనత్త అక్కడ తూకం వేస్తుంది.
మా ట్రక్కు ఖాళీ బరువు ఆమెకి నోటికొచ్చు.
అయినా మేమూ బి నే మూస్తున్నాం.
లెక్క చేసింది నేనే, మూడుసార్లు. అలాగే వచ్చింది.
ముందు ఆ రోడ్డెత్తు పెంచి మూయండి, అంతే.
బి కి ఒక పేరుంది..."

గడియారానికి ఎవరి ఊరైనా ఒకటే.
ఎర్రది ఎత్తాను.
ఎత్తాక మాట్లాడితే మార్కులు పోతాయి.
ఆమె అట్టని చూసింది, నన్ను చూసింది,
వంగి బూట్లు తొడుక్కుంది.

గెలిచింది నవ్వుతున్న ఫొటో జట్టు.
వాళ్ల అట్ట చెక్కు ఎంత పెద్దదంటే
పక్కకి వంచితే గాని తలుపు దాటలేదు.
లేస్యా వాళ్లకి మూడో స్థానం,
"కేసులో లేని సమాచారం వాడారు" అని ఒక మైనస్.

కాఫీ దగ్గర వెర్నా ఆమెని వెతుక్కుంటూ వచ్చింది.
మే నెలలో ఖాళీలున్నాయంది, కార్డు ఇచ్చింది,
ఆ తర్వాత గొంతు తగ్గించి
"ఆ వాగు పేరేంటి?" అని అడిగి
కాగితం రుమాలు మీద రాసుకుంది.

పోతూ పోతూ లేస్యా నా దగ్గర ఆగింది.
"ఇంకెంత టైముండేది నాకు?"
"లేదు. ఆరు సెకన్లు ఎక్కువే ఇచ్చాను."
నిజమే ఇచ్చాను. ఎందుకో చెయ్యి లేవలేదు.
తలూపి వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక కుర్చీల కింద కాగితాలు ఏరాను.
ఒక ఏడో పేజీలో నలభై ఒకటి కొట్టేసి తొంభై,
బి పక్కన పెన్సిల్‌తో ఏదో రాసి చెరిపేసిన మరక.
లైటు కింద వాల్చి చూశాను,
వేలితో తడిమాను.
చిన్న పేరే.
రెండు సెకన్లు పట్టేది.