ఎండ లెక్క

మా వాకిలి పొడవు పద్నాలుగడుగులు.
వెడల్పు, మా ఆవిడ కుచ్చిళ్లెత్తి వేసే ఏడంగలు.
మూడేళ్ల కిందట దక్షిణం వైపు
బెవర వాళ్లు రెండో అంతస్తు లేపేక
సూరీడు మా గుమ్మానికి బాకీ పడ్డాడు.

గులాబి చచ్చిపోయింది. చామంతి రెండుసార్లు.
బంతి మొలిచి, మెడ సాచి సాచి
వెలుతురు కోసం రోడ్డు మీదకి వంగితే
మేకొచ్చి దాని కష్టం తీర్చేసింది.

"ఇంట్లో సూరీడమ్మ ఉన్నాది గానీ
వాకిట్లో సూరీడు లేడేటి!"
పాలు పోసే గవిరయ్య వేళాకోళం.
మా ఆవిడ పేరే అది. ఆమె నవ్వలేదు.
పాల చెంబు లోపల పెట్టి
ముగ్గు చిప్పతో బయటికొచ్చింది.

ఎనిమిదింటికి, నేల మీద పడ్డ
ఎండ అంచు వెంబడే గీత గీసింది.
తొమ్మిదికి ఇంకోటి. పదికి ఇంకోటి.
చుక్కల్లేవు, పద్మాల్లేవు,
కదిలిపోయేదాని వెనకాల వంకర గీతలు.
నెల్లిమర్ల జ్యూట్ మిల్లులో
ముప్పై ఏళ్లు సైరన్ విన్నవాణ్ణి,
వెలుతురుకీ షిఫ్టులుంటాయని ఆవేళే తెలిసింది.

సాయంత్రానికి లెక్క తేలింది:
గోడవార పొద్దల్లా నీడే.
మెట్ల పక్కన చారెడు వెలుగు.
నడిమధ్యన మాత్రం
నీళ్ల ట్యాంకుకీ పిట్టగోడకీ సందులోంచి
పదకొండున్నర మొదలు పన్నెండుంబావు దాకా
పీటంత ఎండ.

డబ్బు లెక్క అంతకంటే పొట్టిది.
మిల్లు గేటుకి తాళం పడి నాలుగో నెల.
కుట్టుమిషను సొరుగులో ఆరువందల ఇరవై.
కడియం వ్యాను మైకులో అరుచుకుంటూ వచ్చింది.
నీడలో పూసే తెల్లపువ్వుల మొక్క
రెండువందల ఎనభై అన్నాడు.
ఆమె ఆకు తిప్పి చూసింది, కుండీ తట్టి చూసింది,
"బాగుంది నాయనా" అని వ్యాన్లోనే పెట్టేసింది.

ఇక కొనకుండా వెతకడం.
ఎవరో కూల్చిన ఇంటి పెంకులు అంచులకి.
వెనక నూతి గోడల్లోంచి
ఆమె నా నడుం గట్టిగా పట్టుకుంటే
తలకిందులుగా వంగి గోళ్లతో పీకిన ఫెర్నులు.
సంతలో కిలో చేమదుంపలు,
సగం పులుసుకి, సగం మట్టికి.
బడి ఆయా ఇచ్చిన వామాకు కొమ్మ,
వంటింట్లోనే మొలకెత్తిన పసుపు కొమ్ములు.
పైన పాత గోతాలు పరిచేను,
నేను వడికిన నారే అయ్యుండొచ్చు,
ఇప్పుడు వానపాములకి దుప్పటి.
రెండు బస్తాల గెత్తంతో కలిపి
మూడువందల నలభై.

మేడ మీంచి బెవర వారి కోడలు అడిగింది:
"ఏటి పిన్నీ, అవేం ముగ్గులు?"
"మీ మేడ నీడ కొలతలమ్మా."
ఆ మాటలో కోపం లేదు. నవ్వూ లేదు.
నాలుగురోజులు ఆ కిటికీ తెరుచుకోలేదు.
అయిదోనాడు తాడు కట్టిన బకెట్టు దిగింది,
తడి కాగితంలో చుట్టిన దుంపలు,
ఎర్ర నరాల ఆకులవి, పలాసలో తన పుట్టింటివట.
ఆ వారంలోనే వాళ్ల ఏసీ గొట్టం
రోడ్డు వైపు నుంచి మా గోడవారకి తిరిగింది.
ఆ వేసవంతా మా ఫెర్నులు
వాళ్ల నిద్ర కార్చిన చుక్కల్తో బతికేయి.

ఆషాఢానికి చేమాకులు చేటలంతయ్యాయి.
వాన పడితే తడవవు,
చిల్లర లెక్కపెట్టినట్టు
చినుకుల్ని ఒక్కొక్కటే జార్చేస్తాయి.

మిగిలింది సరిగ్గా రెండువందల ఎనభై.
వ్యాను మళ్లీ వచ్చినప్పుడు గుమ్మం దాకా వెళ్లేను.
ఆమె చూసింది, ఏమీ అనలేదు.
ఆ డబ్బు గ్యాసు బండలో కలిసింది.

"పీటంత ఎండ ఉందే, అక్కడేం నాటుదాం?"
"అది వొగ్గేయ్."
పదకొండున్నరకి పీట తెచ్చి వేసుకుని
నొప్పి మోకాలు ముందుకి చాపి కూర్చుంది.
పన్నెండుంబావుకి నీడ ఆమె పాదం ఎక్కింది.
లేచి, పీట చంకన పెట్టుకుని
బియ్యం కడగడానికి లోపలికెళ్లింది.