ఏడో కథ

తిరుపతిలో శాలువా కప్పి
పుస్తకం పేరు మైకులో రెండుసార్లు తప్పు పలికారు.
మర్నాడు చిత్తూరు బస్సెక్కాను,
ఒళ్ళో ఒక్క కాపీ.

గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చింది మొగిలెమ్మ,
మోచేతుల దాకా తోతాపురి పసుపు.
"ఏడోది నీ కథే" అన్నాను.

చదువు రాదు. టీ బంకు బల్ల మీద
నేనే చదివాను.
అట్ట మీద ఈగలు.
బిడ్డ పోయిన పేరా దగ్గర గొంతు పూడుకుపోయింది,
నాకు.
ఆమె టీ ఊదుకుంటా వినింది.

"బాగుండాది సామీ.
కత్తి మాత్రం కుడిచేతికిచ్చినావే,
నాది పుర్రచెయ్యి గదా!"

మూడు ఎండాకాలాలు
ఆమె ఎదురుగా నిలబడి రాసుకున్నవాణ్ణి.

తిరుగు బస్సులో, గాదంకి దాటాక,
దిద్దుదామని పెన్ను తీశాను.
పుస్తకం
ఆమె దగ్గరే ఉండిపోయింది.