మార్కాపురంలో మూడు బైట్లు

అదే ఫైలు, అదే కంపైలరు, అదే కుర్చీ.
మధ్యాహ్నం పుట్టిన బైనరీకీ
సాయంత్రం పుట్టిన బైనరీకీ
మూడు బైట్లు తేడా.

మూడే కదా, వదిలెయ్, అన్నాడు ఫోన్లో శేషఫణి.
కడవెడు పాలకి ఉప్పురాయి ఎంత కావాలి?

మా ఆఫీసు ఒకప్పటి పలకల ఫ్యాక్టరీ.
కంభం రోడ్డు పక్కన రేకుల షెడ్డు.
రంపం పీకేసిన చోట నా బల్ల.
గోడల మీద ఇంకా పలకరాతి దుమ్ము,
వేలితో పేరు రాసుకునేంత.
ల్యాప్‌టాప్ ఫ్యాను ఆ దుమ్ముకి దగ్గుతుంది,
రాత్రి కాపలా నాయబ్ రసూల్ లాగే.
ముప్పై రెండేళ్లు ఆయన ఇక్కడే పలకలు కోశాడు.

నిన్నటిదాకా తేడా తొమ్మిది వేల బైట్లు.
పేర్లన్నిటినీ ఇంటి నంబర్ల వరసలో నిలబెడుతోంది కంపైలరు.
నడిపిన ప్రతిసారీ
ఊరి నంబర్లన్నీ ఎవరో మార్చిపోతారు.
అట్లాంటి రేషన్ క్యూలో ముందెవరని చెప్పను?
పుట్టిన వరసలో నిలబడండి అన్నాను.
నిలబడ్డాయి.
మిగిలినవి ఈ మూడే.

రాత్రి మెమరీ చెకర్ కింద పెట్టి నడిపాను.
ఇరవై సెకన్ల పనికి పదకొండు నిమిషాలు.
గడి గడి దగ్గరా ఆగి
ఇది ఎవరు రాశారు, రాయకముందే ఎట్లా చదివావు
అని నిలదీసే మొండి మాస్టారు అది.
రెండుసార్లు నడిపాను. నాలుగుసార్లు.
ఒక్క బైటు తేడా లేదు!
చెకర్ తీసేశాను.
మళ్లీ మూడు.

టీ ఫ్లాస్కు పట్టుకొచ్చిన నాయబ్ రసూల్‌కి
ఎందుకో ఇదంతా చెప్పాను.
"ఇనస్పెక్టరు వచ్చిన రోజు
మా పెట్టెలో ఒక్క పలక తగ్గేది కాదమ్మా.
జీపు తర్లుపాడు దారి పట్టిందో లేదో
పెట్టెకి రెండు తక్కువ" అన్నాడు,
నవ్వబోయి దగ్గుతూ.

తేడా లేదన్న సంబరంలో
చెకర్ అడుగున గొణిగిన ఒక్క లైను నేను చదవనే లేదు.
పైకి జరిపి చదివాను.

ఒక బైటు గుర్తు. పక్కన నాలుగు బైట్ల అంకె.
అంకె తన మెట్టు మీద తప్ప కూర్చోదు,
అందుకని నడుమ మూడు ఖాళీ గళ్లు.
ఎవరూ రాయరు అక్కడ, ఎవరూ చదవరు.
ఫైల్లోకి దింపేటప్పుడు మాత్రం
పెట్టెతో పాటు అవీ పోతాయి,
అంతకుముందు అక్కడ కాపురమున్నవాళ్ల
చెత్తాచెదారంతో సహా.

సాయంత్రపు బైనరీలో ఆ గళ్లు తెరిచాను.
ఈ సున్నా, బీ సున్నా, ఏ ఈ.
మూడు బైట్లంటే
సరిగ్గా ఒక తెలుగు అక్షరం.
మ.

నా ఫోల్డరు పేరులో మొదటి అక్షరం.
ఊరి పేరే పెట్టుకున్నాను, తెలుగులో.
మిగతా ఊరంతా కొట్టుకుపోయి
మ ఒక్కటే ఆ సందులో ఇరుక్కుంది.

"చెరిపే ముందు నాకు చూపిచ్చు" అన్నాడాయన.
పెద్దది చేసి చూపించాను.
"ఇది నాకు తెలుసు.
పెట్టెల మీద ముద్ర దీంతోనే మొదలయ్యేది.
ఇదొక్కటే వచ్చు నాకు."
కాసేపాగి అన్నాడు:
"తడిగుడ్డ పెట్టందే పలకని పెట్టెలోకి ఎక్కనిచ్చేవాడు కాదు మేస్త్రి.
ఎవరి వేలి గీతో ఉండిపోద్ది,
కొన్న పిల్లోడు అదే పాఠమనుకుని దిద్దుకుంటాడు అనేవాడు."

ఒక్క లైను రాశాను.
వాడబోయే ముందు పెట్టె అంతా సున్నాలు.
చెకర్ ఉంచి కట్టాను, తీసి కట్టాను,
గిద్దలూరులో శేషఫణిని నిద్రలేపి అతని మెషీన్ మీద కట్టించాను.
అరవై నాలుగు అంకెల మొత్తం
మూడుచోట్లా ఒకటే.

నాయబ్ రసూల్ గోడ దగ్గరికెళ్లి
దుమ్ములో వేలితో మ రాశాడు.
కొమ్ము కొంచెం వంకర.
అరచేత్తో తుడిచి, చెయ్యి లుంగీకి రాసుకుని,
"ఇట్టాగేనా?" అన్నాడు.

ఇట్టాగే.