అర బిస్కెట్టు

నాకు క్రిస్మస్ అంటే పడదు.
దేవుడితో తగువేం లేదు,
తగువంతా గడ్డంతో.

అమింజికరై మాల్‌లో మూడు డిసెంబర్లుగా
రెండో నంబరు క్రిస్మస్ తాతని నేను.
ఒకటో నంబరాయనకి సొంత పొట్ట ఉంది,
నాకు దిండు కడతారు.
దూది గడ్డం లోపల పుట్టిన చెమట
చెంపల మీంచి మెడకి, మెడ మీంచి దిండుకి;
సాయంత్రానికి నా కడుపు వానలో మరిచిన పరుపు.
భుజాన సంచీ నిండా నలిపిన తమిళ పేపర్లు.
పిల్లలు అందులో చెయ్యి పెట్టకుండా చూసుకోవడం
ఉద్యోగంలో సగం.
మిగతా సగం హో హో హో.
"ఇంకొంచెం సంతోషంగా" అంటుంది సెల్వరాణి మేడం,
సాంబారులో ఉప్పు చాల్లేదన్నట్టు.

అట్టాంటిది, రాత్రి పదకొండున్నరకి
షెనాయ్ నగర్ మూడో అంతస్తు గదిలో
దోమల బ్యాటు ఒళ్లో పెట్టుకుని
చెంగయ్య పాత ల్యాప్‌టాప్‌లో నేనాడేది
ఏం ఆటనుకున్నారు?
మంచు. మా సముద్రపొడ్డు సరుగుడు చెట్లలాంటివేవో.
మళ్లీ అదే ఎర్ర టోపీ.
"పొద్దంతా చాల్లేదా నీకు?" అన్నాడు చెంగయ్య.
నిజానికి తిట్టుకోడానికే తెరిచాను.

ఆటలో నేను పోస్ట్‌మ్యాన్‌ని.
ఊరి గంటకి నాలుక పోయింది,
గంట మోగితే గానీ పండగ రాదంట.
రాకపోతే పోనీ అనుకుంటానే బయల్దేరాను.
ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ శుభాకాంక్షలు చెప్పరు.
అందరికీ ఏదో ఒకటి పోయి ఉంది:
బొత్తాలమ్మే ముసలమ్మకి కళ్లజోడు,
కుంటి దుప్పికి దారి,
మంచు బొమ్మకి నిజం చెప్పే అలవాటు.
నేను దొరికింది దొరికినట్టు సంచీలో వేసుకుంటా పోతాను.
తాడు ముక్క. కొవ్వొత్తి పీక. విరిగిన చెంచా.
ఎవరో కొరికి వదిలేసిన అర బిస్కెట్టు.
ఆ సంచీలో ఊరికే ఉన్న వస్తువంటూ లేదు.
చీపురుపుల్లక్కూడా
ఎక్కడో దాని తలుపు దానికుంటుంది.

స్మశానం గేటు దగ్గర మూడు రాత్రులు ఆగిపోయాను.
కింద గడియకి తాళం, తాళం చుట్టూ పిడికిలంత మంచుగడ్డ.
కొవ్వొత్తి వెలిగిస్తే గాలి ఊదేసింది.
చెంచా వంగింది.
తాడుతో లాగితే నేనే జారి పడ్డాను.
కిటికీ బయట నిజం వాన,
కూవం వాసన మెట్లెక్కి గదిదాకా వచ్చింది.
మూడో రాత్రి, విసుగులో,
అక్కడ ఊరికే తిరుగుతున్న కుక్కకి
అర బిస్కెట్టు పడేశాను.

తినింది. వాసన చూసింది.
గేటుకి ఒళ్లానించి, తాళం మీదే ముడుచుకుని పడుకుంది.
ఏమీ కాలా.
లేచి మంచినీళ్లు తాగొచ్చాను.
వచ్చేసరికి స్పీకర్‌లో
టప్.
కాసేపాగి ఇంకో టప్.

నేనరిచిన అరుపుకి
చెంగయ్య గ్యాసు లీకయిందని లేచి
తలుపు వైపు పరిగెత్తాడు.
"కుక్కరా, కుక్క కరిగించింది!" అన్నాను.
నన్ను కాసేపు చూసి
గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మాల్‌లో
పసుపు రెయిన్‌కోటు పిల్లొకతె
మోచేతిదాకా నా సంచీలో చెయ్యి పెట్టింది.
ఆపాలి. ఆపలా.
ఒక పేపరుండ తీసింది,
మోకాలి మీద సాపు చేసింది,
నాలుగు మడతలేసి జేబులో దాచుకుంది.
ఎందుకమ్మా అంటే
"తెరియాదు" అంది, నేనే పిచ్చోణ్ణయినట్టు.

ఇవాళ ఇరవై నాలుగు.
ఆఖరి భాగం మిగిలింది.
గంట నాలుక నా సంచీలోనే ఉంది,
గోపురానికి ఎన్ని మెట్లో కూడా తెలుసు.
"కానిచ్చెయ్యి రా, పండగ పూట" అన్నాడు చెంగయ్య.
పండగ పూటన్నాడని మూసేశాను.

మే నెల కత్తిరి ఎండల్లో,
కరెంటు పోయి
ఒంటి మీద బనీను కూడా బరువైన మధ్యాహ్నం,
నన్ను ఎవరూ ఏ పండక్కీ నవ్వమనని రోజున
తీరిగ్గా ఎక్కి మోగిస్తాను.
ఈ ల్యాప్‌టాప్ బ్యాటరీ
ఇరవై నిమిషాలు ఓపుతుంది.